రాజ్యం ఎవరి సొత్తు? ‘మల్కిభరాముడు’ మొదలు ‘అనల్ మలిక్’ వరకు

హైదరాబాదు నుండి నాగార్జునసాగర్ వెళ్ళే దారిలో ఇబ్రహీంపట్నం ఉన్నది. ఈ పేరు గల ఊళ్ళు తెలుగు దేశంలో మరికొన్ని ఉన్నవి గాని ఇక్కడ ప్రస్తావించేది రంగారెడ్డి జిల్లాలోని ఊరు. 1550 నుండి 1580 వరకు గోల్కొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా పేర ఆ ఊరు వెలసింది. ఊరి పెద్ద చెరువు కూడా ఆయన కాలం నాటిదేనని ప్రతీతి. 1978లో ఏర్పడిన జిల్లాకేమో, నిజాం నిరంకుశ పాలనను ఎదిరించిన నాయకులలో ఒకరైన కొండా వెంకట రంగారెడ్డి పేరు పెట్టారు. సుల్తాను పేరు ఊరికీ, సుల్తానుల తరహా పాలన వద్దన్న వారి పేరు జిల్లాకూ దక్కి, రెండూ ఒకే చిరునామాలో ఇమిడిపోయినవి.

ఊరి పేరు చదవడంలో మాత్రం ఇంత సౌమ్యం కనిపించదు. కొందరు ముస్లిములు దీనిని ‘మా పాలన’కు మిగిలిన ఆనవాలుగా చూసి గర్విస్తారు. మరికొందరు ఇటువంటి పేర్లన్నీ పరాయి పాలన మిగిల్చిన మచ్చలు, చెరిపివేయవలసినవి అంటారు. 2020 నవంబరులో హైదరాబాదు నగరపాలక ఎన్నికల ప్రచారానికి వచ్చిన ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి యోగి ఆదిత్యనాథ్ నగరం పేరును భాగ్యనగరంగా మార్చడం గురించి మాట్లాడింది ఈ ధోరణిలోనే. ఇక సాహిత్య చరిత్రలు వ్రాసే పెద్దలది మూడవ మార్గం. ఇబ్రహీం తెలుగు కవులను ఆదరించాడు గనుక మతసామరస్యానికి ప్రతీక అని రెండు వాక్యాలు వ్రాసి వారు ముందుకు సాగిపోతారు. ఈ ముగ్గురికీ ఒక సమాన విశ్వాసం ఉన్నది. రాజు మతమే రాజ్యానికి అర్థం చెబుతుందని ముగ్గురూ నమ్ముతారు. ఆ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో ఇబ్రహీం చరిత్రలోనే పరిశీలించవచ్చు.

1543లో తండ్రి సుల్తాన్ కులీ హత్యకు గురై అన్న జంషీద్ గద్దెనెక్కినప్పుడు, ప్రాణభయంతో ఇబ్రహీం చేరుకున్నది విజయనగరానికి. అక్కడ రామరాయల ఆశ్రయంలో ఏడేండ్లు గడిపాడు. గోల్కొండకు తిరిగివచ్చి సింహాసనమెక్కడంలో ఆయనకు తోడ్పడిన వారిలో ముఖ్యుడు జగదేవరావు అనే నాయకుడు. కోటల కావలి తెలుగు నాయకవాడీల చేతిలో ఉండేది. కుతుబ్ షాహీ ఫర్మానాలలో పారసీతో పాటు తెలుగు కూడా చోటు చేసుకున్నదంటే అది దయవల్ల జరిగిన పని కాదు. పారసీ రాని కరణానికి అర్థం కాని ఆజ్ఞ అమలు కాదు గదా.

అద్దంకి గంగాధర కవి ‘తపతీ సంవరణోపాఖ్యానము’ను ఈ ఇబ్రహీంకే అంకితమిచ్చాడు. తెలుగు కవులు ఆయనను ‘మల్కిభరాముడు’ అని పిలుచుకున్నారు. మలిక్ ఇబ్రహీం అన్న మాట తెలుగు నోట పడి అలా మారింది. ఆ కాలంలోనే పటాన్‌చెరువు ప్రాంతాన ఉన్న కుతుబ్ షాహీ అధికారి అమీన్ ఖానుకు పొన్నికంటి తెలగనార్యుడు ‘యయాతి చరిత్ర’ను అంకితం చేశాడు. అచ్చ తెలుగు కావ్యాలలో అది మొదటిది. ఈ రెండు పేర్లూ తెలుగు ముస్లిం పాఠకులు తరచు వినేవే. అయితే అంకితం అన్న మాట చూసి సంతోషించి, అంకితమైన కథ ఏమిటో చాలామంది అడగరు.

తపతీ సంవరణుల కథ భారతం ఆదిపర్వంలోనిది. కురువంశపు రాజు సంవరణుడు సూర్యుని కూతురు తపతిని ప్రేమిస్తాడు. వసిష్ఠుడు సూర్యుని వద్దకు వెళ్ళి పెండ్లి కుదురుస్తాడు. అక్కడితో ముగిసి ఉంటే అది వట్టి శృంగార కథ. మూలంలో దాని తరువాయి భాగం ఉన్నది. పెండ్లయిన రాజు రాజ్యాన్ని మంత్రికి అప్పగించి పన్నెండేండ్లు కొండల మీద భార్యతో విహరిస్తాడు. ఆ పన్నెండేండ్లూ రాజ్యంలో వాన చినుకు పడదు, ప్రజలు ఆకలితో అలమటిస్తారు. చివరకు వసిష్ఠుడే వాన కురిపించి, రాజును నగరానికి తిరిగి తీసుకువస్తాడు. మతం ఈ కథలో సింహాసనం మీద కూర్చోదు, సింహాసనానికి అలంకారమూ కాదు. పని మరచిన పాలకుణ్ణి వెతికి పట్టుకొని ప్రజల ముందుకు తెచ్చి నిలబెడుతుంది. చెరువులు త్రవ్వించిన రాజుకు కరవు కథ అంకితం కావడం యాదృచ్ఛికమే కావచ్చు. అయినా మెట్ట పొలాల తెలంగాణంలో ఆ కథ విన్నవారికి దాని అర్థం బోధపడకుండా ఉండదు.

ముస్లిం పాఠకులకు ఇక్కడ హజ్రత్ ఉమర్ (రజి) గుర్తుకు రావడం సహజం. హిజ్రీ 18లో అరేబియాను కరవు పట్టి పీడించింది. చరిత్రకారులు దానిని ‘ఆముర్రమాదా’, అనగా బూడిద సంవత్సరం అన్నారు. ప్రజలకు దొరకని నెయ్యి, మాంసం తానూ ముట్టనని ఖలీఫా ఒట్టుపెట్టుకున్నారు. నూనెతో రొట్టె తిని ఆయన మేని రంగు మారిపోయిందని చెబుతారు. ఇతర ప్రాంతాల నుండి ధాన్యం తెప్పించారు. ఆ యేడు దొంగతనానికి విధించవలసిన శిక్షను నిలిపివేశారు. ఆకలితో ఉన్నవానికి తిండి పెట్టలేని ప్రభుత్వానికి, ఆ ఆకలితో దొంగిలించిన చేతిని నరికే హక్కు ఉండదని దీని భావం. ఇస్లాంలో ధర్మానికీ రాజ్యానికీ గల సంబంధం ఎటువంటిదో తెలుసుకోవడానికి ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం.

సాహిత్య చరిత్రల ‘మతసామరస్యం’ దగ్గరకు వస్తే, అంకితం తీసుకోవడంలో ఇబ్రహీంకు లాభం కూడా ఉన్నది. రాజరాజనరేంద్రుడు నన్నయ చేత భారతం వ్రాయించిన నాటి నుండి తెలుగు దేశంలో కృతిపతి కావడం ప్రభుత్వానికి ఒక గుర్తు. కంద పద్యంలోకి ఎక్కిన రాజు, తెలుగు నాయకుల కంటికి పరాయివాడు కాడు. పారసీ ఖసీదా ఇవ్వలేనిది తెలుగు కావ్యం ఇచ్చింది. రాజు కలిమా వదలలేదు, కవి తన దేవతలను వదలలేదు. ఒకరినొకరు వదలమని అడగనూ లేదు. ఇందులో ఔదార్యం ఉన్నది, లెక్క కూడా ఉన్నది. ఆ లెక్కను దాచిపెట్టి ఔదార్యాన్ని మాత్రమే చూపించే విమర్శ, ఎదుటివారు అహోబిలం మాట ఎత్తగానే నోరు మూసుకోవలసి వస్తుంది.

అహోబిలంలో జరిగింది ఇది. 1579లో కృష్ణకు దక్షిణాన దండయాత్ర సాగించిన గోల్కొండ సైన్యం అక్కడి నరసింహాలయాన్ని దోచుకున్నది. విగ్రహాన్ని సుల్తానుకు సమర్పించారు. ఆ సైన్యానికి నాయకుడు మురహరి రావు అనే మరాఠీ బ్రాహ్మణుడు. తెలుగు కావ్యాన్ని స్వీకరించిన ఇబ్రహీమే ఆ విగ్రహాన్నీ స్వీకరించాడు. అంతకు ముందు రామరాయలతో కలిసి అహ్మద్‌నగర్ సుల్తాను పైకి దండెత్తినవాడూ, 1565లో ఇతర సుల్తానులతో కలిసి అదే రామరాయలను కూల్చినవాడూ ఆయనే. ఆశ్రయమిచ్చిన చేతిని మరచాడని కొందరంటారు, జిహాదు చేశాడని మరికొందరంటారు. గద్దెనెక్కించిన జగదేవరావుతో సైతం తరువాత ఆయనకు చెడింది. శ్రీకృష్ణదేవరాయలు దర్శించి సత్కరించిన ఆలయం గనుక అహోబిలం విజయనగర ప్రాభవానికి ఒక చిహ్నం. ఆ చిహ్నాన్ని లాక్కోవడం రాజనీతిలో భాగం. దీనివల్ల దోపిడి న్యాయమైపోదు. ఆలయాన్ని దోచిన పాపాన్ని ఇస్లాం మీద వేసేవారు దానిని దోచిన సేనాని ఎవరో చెప్పరు. మల్కిభరాముని పొగిడే ముస్లిం రచయితలు అహోబిలం పేరే ఎత్తరు. ఇద్దరిదీ ఒకే తరహా మౌనం.

కుతుబ్ షాహీల చివరి ఘట్టంలో ఈ విషయం మరింత తేటపడుతుంది. ఔరంగజేబు 1687లో గోల్కొండను జయించాడు. దాడి చేసినవాడూ ముస్లిమే, ఓడినవాడూ ముస్లిమే. బీజాపూరు, గోల్కొండలపై యుద్ధానికి ముందు షరీఅత్ దృష్టిలో అది సమ్మతమేనా అని పాదుషా అడిగినప్పుడు, ఆనాటి ప్రధాన ఖాజీ షేఖుల్ ఇస్లాం సమ్మతం కాదని తేల్చి చెప్పాడు. పదవి వదలుకొని హజ్‌కు వెళ్ళిపోయాడు. మొగలు సామ్రాజ్యం అత్యంత విశాలంగా ఉన్న రోజులలో, మతనిష్ఠకు పేరుపడ్డ పాదుషా ముఖం మీద చెప్పిన మాట అది. పాఠ్యపుస్తకాలలో గోల్కొండ ముట్టడి ఉంటుంది, ద్వారం తెరిచిన ద్రోహి కథ ఉంటుంది, ఈ ఖాజీ మాత్రం ఉండడు. అబ్బాసీ ఖలీఫా మన్సూరు ఇవ్వజూపిన ఖాజీ పదవిని కాదని, చెరసాల పాలై 767లో కన్నుమూసిన ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) పరంపర ఇది. ఆ పరంపరలో ధర్మం రాజును లెక్క అడుగుతుంది. రాజముద్రగా మారడానికి ఒప్పుకోదు.

ఇక ఇరవయ్యవ శతాబ్దపు హైదరాబాదుకు వస్తే, ఆ పరంపర తలక్రిందులయింది. 1927లో నెలకొన్న మజ్లిసె ఇత్తెహాదుల్ ముస్లిమీన్, నవాబ్ బహాదుర్ యార్ జంగ్ నాయకత్వంలో ‘అనల్ మలిక్’ అనే సిద్ధాంతాన్ని చేపట్టింది. ‘నేనే ప్రభువును’ అని దాని అర్థం. దక్కనులో సార్వభౌమాధికారం ముస్లిం సమాజానిదే, నిజాం దానికి ప్రతీక మాత్రమే అని వివరణ. ఆనాటి హైదరాబాదు సంస్థాన జనాభాలో ముస్లిములు నూటికి సుమారు పదముగ్గురు. బహాదుర్ యార్ జంగ్ సామాన్యుడు కాడు. దక్కనులో ఆయన వంటి ఉర్దూ వక్త అరుదు. జాగీరును, బిరుదును వదలుకున్న త్యాగి. ఆయన చిత్తశుద్ధిని శంకించవలసిన పని లేదు. శంకించవలసింది సిద్ధాంతాన్నే.

మొట్టమొదట అది ఖుర్ఆన్ ముందు నిలవదు. రాజ్యానికి యజమాని అల్లాహ్ అనీ, తాను కోరినవారికి ఇచ్చి, తాను కోరినవారి నుండి తీసుకుంటాడనీ ఆలి ఇమ్రాన్ సూరాలోని 26వ ఆయతు బోధిస్తుంది. ‘మలిక్’ అన్న మాటను ఒక జాతి తన పేరు ప్రక్కన చేర్చుకోవడం ఈ బోధకు ఎదురు నడవడమే. చిత్రమేమిటంటే, ఆ రోజులలో ముస్లిం రాజకీయాలపై ఒకరినొకరు తీవ్రంగా విభేదించిన ఇద్దరు పండితుల దృష్టిలోనూ దీనికి చోటు లేదు. నిజాం రాజ్యంలోని ఔరంగాబాదులో 1903లో పుట్టిన మౌలానా మౌదూదీ, సార్వభౌమాధికారం అల్లాహ్‌కు తప్ప ఏ వ్యక్తికీ, ఏ జాతికీ లేదన్నదే తమ రచనలన్నింటికీ పునాదిగా పెట్టుకున్నారు. ముస్లిములు ఏలినంత మాత్రాన అది ఇస్లామీ ప్రభుత్వం కాజాలదని హెచ్చరించారు. మౌలానా హుసైన్ అహ్మద్ మదనీ 1938లో ‘ముత్తహిదా ఖౌమియత్ ఔర్ ఇస్లాం’ వ్రాసి, ఈ దేశపు ముస్లిములు ఇతర మతస్థులతో కలిసి ఒకే జాతిగా మెలగడం ధర్మసమ్మతమేనని వాదించారు. మదీనాలో దైవప్రవక్త (స) యూదులతో చేసుకున్న ఒడంబడికే ఆయన వాదానికి ఆధారం. ఆ ఇద్దరి దారులు వేరు. ‘అనల్ మలిక్’కు రెండింటిలోనూ ఆధారం దొరకదు.

రెండవది, ఆ సిద్ధాంతం పల్లెకు వెళ్ళి చూడలేదు. జనగామ ప్రాంతంలోని కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ తన వాటా భూమి కోసం విసునూరు దేశ్‌ముఖుతో కోర్టులలో పోరాడాడు. 1940 జూలైలో దేశ్‌ముఖు మనుషులు ఆయనను చంపివేశారు. దేశ్‌ముఖు హిందువు, రాజు ముస్లిం, హతుడు ముస్లిం. సిద్ధాంతం ప్రకారం బందగీ కూడా ‘మలిక్’ కావాలి. ఆయన ప్రభుత్వం ఎన్ని గుంటల మీద చెల్లింది? నిజాం రాజ్యపు పోలీసూ, రెవెన్యూ యంత్రాంగమూ దేశ్‌ముఖుల బలం మీద నడిచినవి. ఆ బలం ఏ మతానిదని ఎవరూ అడగలేదు. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు వ్రాసిన ‘మా భూమి’ నాటకం బందగీ గాథను తెలుగు పల్లెలన్నింటికీ తీసుకువెళ్ళింది. ముస్లిం సమాజపు హక్కుల కోసం పుట్టిన సంస్థ గుర్తించని ముస్లిం రైతును ఇద్దరు కమ్యూనిస్టు రచయితలు గుర్తించారు. మజ్లిస్ చరిత్రను అభిమానంతో వ్రాసేవారు ఈ ఒక్క విషయానికి జవాబు చెప్పవలసి ఉన్నది.

మూడవ దోషం అన్నింటికంటె ప్రమాదకరమైనది. రాజు సమాజానికి ప్రతీక అయినప్పుడు రాజును విమర్శించడం సమాజాన్ని విమర్శించడమవుతుంది. న్యాయం అడిగినవాడు ద్రోహి అవుతాడు. బహాదుర్ యార్ జంగ్ 1944లో మరణించారు. 1946లో అధ్యక్షుడైన కాసిం రజ్వీ చేతిలో ఈ తర్కం తన చివరి మెట్టు దాకా వెళ్ళింది. ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్ సంస్థానం భారతదేశంలో కలవాలని వ్రాసినందుకు 1948 ఆగస్టు 21 రాత్రి ఆయనను హైదరాబాదు వీథిలో హత్య చేశారు. హతుడు ముస్లిం, ఉర్దూ పత్రికా సంపాదకుడు. ఎదుటి జాతి పట్ల ద్వేషం కూడా న్యాయం తప్పడానికి కారణం కారాదని అల్ మాయిదా సూరా (5:8) శాసిస్తుంటే, ఇక్కడ స్వజాతి సోదరుని అభిప్రాయమే హత్యకు కారణమయింది.

సెప్టెంబరులో భారత సైన్యం ప్రవేశించింది. అయిదు రోజులలో అంతా ముగిసింది. మూల్యం చెల్లించింది సిద్ధాంతం చేసినవారు కారు. పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ మొదలైనవారి సంఘం ఆ యేడు చివర పర్యటించి, తక్కువలో తక్కువ లెక్క వేసినా 27 వేల నుండి 40 వేల మంది ప్రాణాలు కోల్పోయారని అంచనా కట్టింది. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో బాధ మరీ ఎక్కువ. ముస్లిములను కాపాడిన హిందువుల సంగతి కూడా ఆ నివేదికలో ఉన్నది. దానిని 2013 దాకా ప్రజలు చూడలేకపోయారు. ఆరు దశాబ్దాలకు పైగా ఒక లౌకిక ప్రభుత్వం తన పౌరుల మరణాల లెక్కను దాచి ఉంచింది. రజాకార్ల హింసను ఏటేటా గుర్తుచేసుకునేవారు ఈ లెక్క దగ్గరకు రాగానే గొంతు తగ్గిస్తారు. ఈ లెక్కను చెప్పేవారిలో కొందరు రజాకార్ల దగ్గరకు రాగానే గొంతు తగ్గిస్తారు. అహోబిలం దగ్గర కనిపించిన మౌనమే మరొక వేషంలో ఇది.

ఇదంతా చూసి, మతాన్ని ఇంటికీ మసీదుకూ పరిమితం చేస్తే పీడ వదులుతుందని వాదించేవారు ఉన్నారు. వాదం వినడానికి తేలికగా ఉన్నది. కాని కరవులో శిక్షను ఆపిన ఉమర్ (రజి) ఇంట్లో కూర్చొని ఆపలేదు. పాదుషాకు కాదని చెప్పిన ఖాజీ తన వ్యక్తిగత విశ్వాసాన్ని ప్రకటించలేదు, రాజ్యవిషయంలో తీర్పు చెప్పాడు. జకాత్, వారసత్వం, సాక్ష్యం, కొలతలు తూనికలు, ఇవన్నీ బజారుకూ కచేరీకీ సంబంధించినవి. వీటి నుండి మతాన్ని తొలగిస్తే అధికారానికి ఎదురు చెప్పే గొంతు ఒకటి తగ్గుతుంది, అంతే. మజ్లిస్ చేసిన తప్పు మతాన్ని రాజకీయాలలోకి తేవడం అనుకుంటే పొరపాటు. ధర్మాన్ని బయట ఉంచి ధర్మం పేరుతో పిలువబడే జాతిని గద్దెనెక్కించడం అది చేసిన తప్పు.

ఆ తరువాతి కాలంలో తెలుగు ముస్లిములు ప్రభుత్వాన్ని అడిగిన తీరు వేరుగా ఉన్నది. 2004లో ముస్లిములందరికీ కలిపి ప్రకటించిన 5 శాతం రిజర్వేషను న్యాయస్థానం ముందు నిలవలేదు. 2007లో పి.ఎస్. కృష్ణన్ నివేదిక ఆధారంగా వచ్చిన 4 శాతం, మతాన్ని బట్టి కాక వెనుకబాటుతనాన్ని బట్టి ఇచ్చినది. 2010లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగింది. తెలంగాణ శాసనసభ దానిని 12 శాతానికి పెంచుతూ 2017 ఏప్రిల్‌లో చేసిన బిల్లు అమలులోకి రాలేదు. 4 శాతానికి అర్హులైన వర్గాల జాబితాను చదివితే అచ్చుకట్లవాండ్లు, అత్తరు సాయిబులు, ధోబీలు, ఫకీర్లు, గారడీవారు, హజాములు, ఖురేషీలు, సిద్దీలు, తురక కాశలు కనిపిస్తారు. సయ్యదులను, మొగలులను, పఠాన్‌లను అందులో చేర్చలేదు. షేకులను చేర్చారు. కామారెడ్డిగూడెం బందగీ కూడా షేకే.